మా తలుపు మీది సున్నా

వరదలో అందరికీ ఏదో ఒకటి పోయింది. నాకు మాత్రం ఒకటి కలిసొచ్చింది. మా తలుపు మీద సర్కారువాళ్ళు స్వయంగా, ఎర్ర రంగుతో, ఇంత సున్నా చుట్టి వెళ్ళారు!

సహాయానికి వచ్చినవాళ్ళు ఇల్లిల్లూ తట్టి, ఎంతమంది కనిపిస్తే అంత అంకె తలుపు మీద రాశారు. ఎదురింటికి ఆరు. పైవాటా పిన్నిగారికి రెండు: ఆవిడా, ఆవిడ చిలకా.

మాకు సున్నా ఎందుకంటారా? మా ముగ్గురికీ ఈ దేశంలో ఉండడానికి కాగితాల్లేవు. దొరికామా, తట్టాబుట్టా సర్దుకునే టైమ్ కూడా ఇవ్వకుండా పంపించేస్తారు. అందుకే యూనిఫాం తలుపు తడితే ఏం చెయ్యాలో మా ఇంట్లో ఎప్పటినుంచో ప్రాక్టీసు. మిక్సీ ఆపాలి, చెప్పులు లోపలికి లాగాలి, తుమ్ము వస్తే మింగాలి.

ఆ ఉదయం వీధిలో నడుము లోతు నీళ్ళు. పడవ వచ్చింది. తలుపు దబదబా బాదారు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

మేం అలవాటు ప్రకారం అటకెక్కేశాం.

"మనల్ని కాపాడ్డానికే వచ్చారే!" అని మా ఆయన గుసగుస.

"యూనిఫాంలోనే వచ్చారుగా! నోర్మూసుకోండి."

పడవ వెళ్ళిపోయింది. మా ఆయన ఇళ్ళకి రంగులేసే మనిషి. నీళ్ళు తీశాక తలుపు చూసి, "కోటింగు సరిగ్గా పడలేదు" అన్నాడు. ఎనిమిదిలో బడి మానేసేదాకా నాకు సున్నాలు బోలెడు వచ్చాయి గానీ, ఒక్కటీ ఇంత పనికిరాలేదు!

మరి లాభాలు చూడండి. సర్వేవాడు రాడు. ఫోటోలవాడు రాడు. దుప్పట్లు పంచేవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, అంకె చూసి, మర్యాదగా పక్కింటికి పోతారు. మంచినీళ్ళ సీసాలు తలకొకటి: ఎదురింటికి ఆరు, చిలకకి ఒకటి. మాకు మోసే బరువే లేదు! తడి పరుపు మీద పడుకుంటే ఫ్యాన్ కూడా అక్కర్లేదు. ఇంత సుఖం ఎవరికుంది?

ఒక్కటే చిక్కు. మా చిట్టికి నాలుగేళ్ళు. మూడు రోజులుగా జ్వరం, దగ్గు.

నిన్న మధ్యాహ్నం మందుల వ్యాను వచ్చింది. అంకె ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగుతోంది. పిలవనా, మాననా? కర్టెన్ వెనక నిలబడి చేతులు నలుపుకుంటున్నాను. చిట్టి ఎప్పుడు జారుకుందో, మెట్టు మీద కూర్చుని దగ్గుతోంది!

డాక్టరమ్మ వ్యాను దిగింది. "ఈ ఇంట్లో ఎవరుంటారమ్మా?"

"ఎవరూ లేరండీ." అచ్చం నేను నేర్పినట్టే.

"మరి నువ్వో?"

చిట్టి కాస్త ఆలోచించింది. "నేనూ లేనండీ."

ఫస్టు మార్కు! కానీ కర్టెన్ని ఎందుకంత గట్టిగా పట్టుకుని లాగానో నాకు తెలియదు.

డాక్టరమ్మ సున్నా చూసింది, కదులుతున్న కర్టెనూ చూసింది. "లేని పిల్లకి ఇంత దగ్గేమిటే!" అంటూ వీపు మీద గొట్టం పెట్టి విని, మందు సీసా దాని ఒళ్ళో పెట్టింది. "రోజుకి మూడు సార్లు. ఎల్లుండి మళ్ళీ చూడాలి, ఛాతీ బాగాలేదు. కానీ సున్నా ఇంటి ముందు మా వ్యాను ఆపరు. లేని మీ అమ్మకి చెప్పు."

ఆ ఎల్లుండి రేపే.

థిన్నరు గుడ్డతో సున్నా తుడిచేశాను. మా ఆయన బ్రష్షుంది, ఎర్ర రంగుంది. 'మూడు' రాయడం నాకొచ్చు, అంత చదువు చదివాను. మీకు తెలిస్తే ఒక్కటి చెప్పండి: ఆ అంకె చూసి ముందు ఆగేది మందుల వ్యానా, మమ్మల్ని ఎక్కించుకుపోయే వ్యానా?