భవిష్యత్ రక్షణ దళం

"భవిష్యత్తులో బోధన్ మీద దాడంటూ జరిగితే, అది ఆకాశం నుంచే జరుగుతుంది!"

పందొమ్మిది వందల అరవై అయిదు, సెప్టెంబరు. తునికాకు వ్యాపారి లక్ష్మీరాజం సేటు తన గోదాము ముందు బల్ల మీద నిలబడి ఈ మాట అనగానే జనమంతా తలలెత్తి చూశారు. పైన ఒక గద్ద తిరుగుతోంది. అది చాలు! అక్కడికక్కడే భవిష్యత్ రక్షణ దళం పుట్టింది. ఆకుకూ సేనకూ దళమనే ఒక్క మాటే ఉంది గనుక దాని నాయకత్వం తనకు తప్ప మరొకరికి నప్పదని సేటు నిజంగానే నమ్మాడు.

సరిహద్దులో యుద్ధం సాగుతోంది. ఊళ్లో చందాలు పోగయ్యాయి. చెరకు తోటల్లో కూలికి పోయే సాయవ్వ కూడా తన వెండి కడియం ఇచ్చింది. ఆమె కొడుకు ముత్తన్న పటాలంలో ఉన్నాడు. "నా కొడుకసుంటోళ్లకు గింత ఆసరయితది సేటూ" అంది. సేటుకు కళ్లు చెమర్చాయి. కడియం నిధిలో పడింది.

ఇక నిధిని ఎలా ఖర్చు చేయాలన్న మహా చర్చ!

"మనుషులను పెంచుదమా, సామాన్లు కొందమా?" అని అడిగాడు పాత పట్వారీ రాజమల్లు.

"సమతూకం!" అన్నాడు సేటు. "సగం పైసలు నేటికి, సగం రేపటికి."

నేటి సగం ఖాకీ బట్టకు పోయింది. ఆ బట్ట ఉప కమాండర్ బాలనర్సయ్య దుకాణంలోదే కావడానికి కారణం, ఆ దుకాణం దగ్గరగా ఉండటమే. రేపటి శత్రువు ఎవరో ఇంకా తెలియదు. తెలుసుకోవడానికి రోజూ సమావేశాలు, సమావేశాలకు మిరపకాయ బజ్జీలు అవసరమయ్యాయి.

లాఠీలకు మాత్రం డబ్బు మిగలలేదు. చుట్టూ చెరకుండగా లాఠీలెందుకని తలా ఒక గడ పంచారు. పహారా ముగిసేసరికి ఆయుధం సగమయ్యేది. కాపలాదారు మూతి తుడుచుకుంటూ ఇల్లు చేరేవాడు.

ఇంతలో యుద్ధం ఆగిపోయింది. దళాన్ని ఎత్తేద్దామా అని ఎవరో గొణిగారు.

"యుద్ధం ఆగింది గని, భవిష్యత్తు ఆగిందా?" అని సేటు గర్జించాడు. భవిష్యత్తు ఆగలేదని అందరూ ఒప్పుకున్నారు. బజ్జీలూ ఆగలేదు.

దసరా దాటిన తర్వాత ఒక ఉదయం కావలి లింబయ్య రొప్పుతూ గోదాముకొచ్చాడు. "సేటూ! చెరుకు తోటల ఖాకీబట్టలోడు దిగిండు! పక్కన తెల్లబట్ట మూట ఉన్నది. గాలిల గొడుగు పట్టుకొని దుంకినట్టున్నడు!"

సేటు ముందుగా పైకి చూశాడు. ఇన్నాళ్లూ ఆకాశం గురించి చెప్పాడే గాని, అక్కడినుంచి నిజంగా ఎవరైనా దిగుతారని అతడు అనుకోలేదు. అయినా ఊరు చూస్తోంది. దళాన్ని ముందు నడిపించి తాను వెనకనుంచి నాయకత్వం వహించాడు.

తోట గట్టు మీద గడ్డం పెరిగిన మనిషి కూర్చుని కాలి కట్టు సర్దుకుంటున్నాడు.

"కౌన్ హై?" అని సేటు అరిచాడు.

"ఫౌజీ హూఁ!" అని, సిపాయినని ఆ మనిషి అలవాటు కొద్దీ హిందీలోనే జవాబిచ్చాడు.

దళం వ్యూహాత్మకంగా చెరకులోకి వెనక్కి తగ్గింది. కాసేపటికి ఆ మనిషే పిలిచాడు. "సేటూ, గట్ల ఉరుకుతరేంది? నేను సాయవ్వ కొడుకును, ముత్తన్నను. కాలికి గోలీ తాకింది, సెలవిచ్చిండ్రు. గది అవ్వకు కొన్న చీర."

"సూసిండ్రా!" అన్నాడు రాజమల్లు చెరకు చాటు నుంచి. "తెలుగు గూడ నేర్పించి పంపిండ్రు!"

ఇంకేం కావాలి? కాళ్లూ చేతులూ కట్టి, బండెక్కించి, బ్యాండుతో బజారులో ఊరేగించారు. సేటు కబురు పంపగా జిల్లా పెద్ద అధికారి కూడా జీపులో వచ్చాడు. అప్పుడే జనాన్ని తోసుకుంటూ సాయవ్వ బండెక్కి ముత్తన్నను వాటేసుకుంది.

"కొడుకా! నిన్ను దుశ్మన్ పట్టలేదు గని మనోళ్లే పట్టిండ్రా!"

సేటు ఒక అడుగు వెనక్కి వేశాడు. కాని నాయకుడంటే నాయకుడే! క్షణంలో తాళ్లు విప్పించి, అధికారి కోసం తెచ్చిన దండ ముత్తన్న మెడలో వేశాడు. అరెస్టు ఊరేగింపు సన్మానపు ఊరేగింపైంది. బ్యాండువాళ్లకు రాగం మార్చే పని కూడా పడలేదు.

ఊరేగింపు చివర గోదాము ముందు జరిగిన సభలో అధికారి సంతోషించాడు. "నిజమైన జవాను దొరికాడు. ముత్తన్నా, ఈ దళానికి నువ్వే శిక్షణ ఇవ్వాలి."

ముత్తన్న కుంటుతూ వరుస ముందుకొచ్చాడు. కమాండరు, ఉప కమాండర్లు, కెప్టెన్లు, ఆకాశ విభాగాధిపతి, మంజీర నౌకా విభాగాధిపతి.

"అందరు సాబులే ఉన్నరు. సిపాయిలేరి?"

ఆ పదవి ఒకటుంటుందని దళంలో ఎవరికీ తోచలేదు.

"ఇప్పుడే ఒకటి పుట్టిస్తం. అందుల ముత్తన్నే ఉంటడు" అన్నాడు సేటు.

"ఎట్లయితది?" అని రాజమల్లు అడ్డుపడ్డాడు. "రూల్ ప్రకారం కుంటికాలోడు పనికి రాడు."

"గా కాలు ఏడ పోయిందో ఎరుకేనా పట్వారీ?" అంది సాయవ్వ.

సేటుకు ఖాకీ చొక్కా ఒక్కసారిగా బిగుతనిపించింది. విప్పేయాలని కూడా అనిపించింది. కాని అధికారి చూస్తున్నాడు. సేటు బల్లెక్కాడు.

"సోదరులారా! ఒక్కణ్ని పట్టడానికే ఊరంతా కావలసొచ్చింది. రేపు ఇద్దరు దిగితే? కనుక నిధిని రెట్టింపు చేయాలని ప్రతిపాదిస్తున్న. ఒప్పుకునేటోళ్లు చేతులెత్తుండ్రి!"

దళం చేతులన్నీ ఒక్కసారిగా, ఒక్క ఎత్తుకు, ఒక్క వరుసలో లేచాయి.

ముత్తన్న వాటిని కాసేపు కళ్లార్పకుండా చూసి తల్లివైపు తిరిగాడు.

"మా పటాలంల గూడ గింత మంచి కవాతు సూడలేదవ్వా!"