పెద్దాయనకి ఊపిరాడటం లేదు

ఆ మంగళవారం పొద్దున్న అల్లుడు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఆఫీసుకి సెలవు పెట్టడం, పెరట్లో మోటార్‌సైకిల్ ముందు పీట వేసుకుని కూర్చోవడం, పదింటిలోపు దాన్ని బాగుచేయడం. మొదటి రెండూ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి.

పదింటి గడువు భార్య పెట్టింది. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పిన మనిషి, ముందురోజు, నెలలో నాలుగోసారి, మొగుడి బండిని నడిరోడ్డు మీద తోసుకుంటూ రావలసి వచ్చింది. తన దగ్గర నేర్చుకున్నవాళ్ళే పక్కనుంచి హారన్ కొట్టి మరీ పలకరించి పోయారు. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా పాతసామాన్లాయనకి ఫోన్ చేసింది.

"రేపు పదింటికి వస్తాడు. ఈలోపు ఇది వీధి చివరిదాకా పోయి తనంతట తను తిరిగొస్తే ఉంచుకోండి. రాకపోతే ముక్కల కింద పోతుంది. ఇంక దీని గురించి నాతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు!" అంది.

అల్లుడి ప్రాణం ఆ బండి మీదే ఉంది. నలభై రెండేళ్ళ బండి. మామగారు వాడినన్నాళ్ళు వాడి పక్కన పడేస్తే, అల్లుడు అడిగి మరీ తెచ్చుకున్నాడు. జీవితంలో అతను నోరు తెరిచి అడిగిన వస్తువు అదొక్కటే. మామగారు కూడా రెండేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నారు గానీ, ఆయన్ని ఎవరూ అడిగి తెచ్చుకోలేదు, తనే వచ్చారు.

ఇక మేస్త్రీ సంగతి చెప్పాలి. పాత బళ్ళు బాగుచేయడంలో అతన్ని మించినవాడు లేడు. కానీ ఒక చాదస్తం ఉంది. పాతికేళ్ళు దాటిన బండిని ఎవరైనా 'అది' అంటే అతనికి ఒళ్ళు మండిపోతుంది. 'ఆయన' అనాలి. నలభై దాటితే 'పెద్దాయన'. ఒకసారి అల్లుడు పొరపాటున "అది స్టార్టవడం లేదు" అన్నందుకు, బండిని వారం రోజులు షెడ్డు బయట ఎండలో నిలబెట్టి, "ముందు మర్యాద నేర్చుకోండి సార్" అని పంపించేశాడు. అప్పట్నుంచి అల్లుడు బండిని మామగారికంటే ఎక్కువ మన్నించి మాట్లాడుతున్నాడు.

ఆ పొద్దున్న మేస్త్రీ పొరుగూళ్ళో చెల్లెలింట్లో ఉన్నాడు. ఫోన్లోనే వైద్యం. అల్లుడి చేతులు రెండూ పెట్రోలుతో తడిసిపోవడంతో, ఫోన్‌ని బోర్లించిన బకెట్ మీద పెట్టి స్పీకర్ ఆన్ చేశాడు. సరిగ్గా ఆ బకెట్ నెత్తిమీదే పైవాటా కిటికీ. కిటికీ వెనక కుట్టుమిషను, మిషను వెనక కుట్టుపనావిడ. మిషను ఆడుతున్నంతసేపూ ఆవిడకి ఏమీ వినపడదు. దారం తెగినప్పుడల్లా అంతా వినపడుతుంది. ఆవేళ నాసిరకం దారం.

మొదటిసారి తెగింది.

"పెద్దాయన ఎలా ఉన్నాడు సార్?"

"ఏం చెప్పమంటావు మేస్త్రీ! ఓ పది నిమిషాలు బాగానే ఉంటున్నాడు. ఆ తర్వాత దగ్గి దగ్గి ఆగిపోతున్నాడు."

కుట్టుపనావిడ సూది ఆపింది. కింద పెద్దాయన నాలుగు రోజులుగా జలుబుతో దగ్గడం ఆవిడ విన్నదే. పాపం, ఇంత ముదిరిందా అనుకుంది. మామగారు అంతకు అరగంట ముందే ముందు గుమ్మంలోంచి క్షవరానికి వెళ్ళారని ఆవిడకి తెలీదు.

రెండోసారి తెగింది.

"లోపలికి చుక్క దిగుతోందా?"

"మొదట్లో దిగుతోంది. తర్వాత దిగడం లేదు."

"అయితే పైపు పీకెయ్యండి."

"పీకేస్తే ప్రమాదం కాదు కదా?"

"ఏం కాదు, నేను రోజూ పీకుతూనే ఉంటాను. పీకి, నోట్లో పెట్టుకుని ఊదండి."

అల్లుడు ఊదాడు. ఊదవలసినవాడు ఒక్క క్షణం పీల్చాడు కూడా. గుక్కెడు పెట్రోలు నోట్లోకి వచ్చింది. ఉమ్మేశాడు గానీ ముక్కు మండి, కళ్ళు ఎర్రబడి, ధారగా నీళ్ళు కారడం మొదలెట్టాయి. పైపు శుభ్రంగానే ఉంది. ట్యాంకు కింద కుళాయి విప్పాడు, జల్లెడ శుభ్రంగానే ఉంది. కార్బురేటర్ అడుగు గిన్నె విప్పాడు, అందులో సూదీ జెట్టూ బంగారంలా ఉన్నాయి. అన్నీ తుడిచి పళ్ళెంలో పెట్టి, పక్క మూతల మరలు తప్ప మిగతావి మళ్ళీ బిగించి, కిక్కు మీద కాలు పెట్టాడు.

మూడోసారి దారం తెగలేదు. ఆవిడే తెంపేసి కిటికీకి చెవి పెట్టింది.

"లేవడం లేదు మేస్త్రీ!"

"తన్నండి."

"ఇప్పటికి ఇరవై తన్నాను."

"గట్టిగా తన్నండి సార్. మీరు మొహమాటంగా తంతారు. పెద్దాయన లేచేదాకా తన్నాల్సిందే."

"టైమ్ లేదయ్యా! పదింటికి మనిషి వచ్చి తీసుకెళ్ళిపోతాడు. ముక్కలు చేసి అమ్మేస్తాట్ట. మా ఆవిడ ఒప్పేసుకుంది."

కుట్టుపనావిడ కిటికీ వదిలేసింది. చేతిలో ఉన్న సగం జాకెట్టుతోనే ఫోన్ తీసి డ్రైవింగ్ స్కూలుకి కలిపింది.

"అమ్మాయ్, పదింటికి ఎవరో వస్తున్నాడట?"

"అవునండీ, నేనే రమ్మన్నాను. ఏం, ఇంకా లేవలేదా?"

"లేవడం లేదమ్మా!"

"ఆ సంగతి నాకు ముందే తెలుసు. అందుకే వదిలించుకుంటున్నాను. ఎన్నాళ్ళని తోస్తాం చెప్పండి?"

"ఎంత మాట! కన్నతండ్రి కదే!"

"ఎవరి గురించి మాట్లాడుతున్నారు మీరు?"

"ఇంకెవరు? మీ నాన్నే! ఆయనకి గొంతులో చుక్క దిగడం లేదు, మీ ఆయన పైపు పీకేశాడు, ఇప్పుడు తంతున్నాడు!"

భార్య వెంటనే తండ్రికి ఫోన్ చేసింది. అది ఇంట్లో చార్జింగులో ఉండి, ఎవరూ ఎత్తక మోగి మోగి ఆగిపోయింది. మొగుడికి చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. ఎంగేజ్. ఇక ఆవిడ ఆలోచించలేదు. ఎదురుగా స్కూలు కారు ఉంది. స్టీరింగు ముందు, మొదటి పాఠం కోసం తయారుగా, రిటైర్డ్ హెడ్‌మాస్టరు ఒకాయన కూర్చుని ఉన్నారు. "పోనివ్వండి మాస్టారూ, మా ఇంటికి!" అని పక్క సీట్లో కూలబడింది. ఆయన్ని దింపి తను నడపాలన్న సంగతి పాపం ఆవిడకి తోచలేదు, మాస్టారికి తోచినా చెప్పలేదు. కారు మొదటి గేరులో బయల్దేరింది. దారిపొడుగునా ఆవిడ "నాన్నా... క్లచ్చి తొక్కండి... నాన్నా... కుడివైపు అద్దం చూసుకోండి..." అని ఏడుస్తూనే ఉంది.

ఈలోపు కుట్టుపనావిడ మెట్లు దిగి మందుల షాపాయనకి చెప్పింది. మందుల షాపాయన వీధికి చెప్పాడు. వీధికి ఇలాంటివి రెండోసారి చెప్పే అవసరం ఉండదు. పావుగంటలో వాకిట్లో పాతికమంది, ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో తెలియని డజను కుర్చీలు, ఒక పెద్ద గొడుగు చేరాయి. అందరి తరఫునా మందుల షాపాయన పెరట్లోకి వెళ్ళాడు. అల్లుడు కళ్ళు తుడుచుకుంటూ కనిపించాడు. ఎంత తుడుచుకున్నా నీళ్ళు ఆగడం లేదు.

"ధైర్యంగా ఉండండి. ఎప్పుడు ఆగిపోయారు?" అన్నాడు మందుల షాపాయన, భుజం మీద చెయ్యి వేసి.

"ఇప్పుడే, తొమ్మిదిన్నరకి," అన్నాడు అల్లుడు. బండి కోసం ఒక మనిషి ఇంత బాధపడటం అతను ఎన్నడూ చూడలేదు.

"వయసెంత ఉంటుంది?"

"నలభై రెండు."

"నలభై రెండేనా?" మందుల షాపాయన ఉలిక్కిపడ్డాడు. "చూడ్డానికి డెబ్భై దాటినట్టు ఉండేవారే!"

"రోజూ ఎండలో నిలబెట్టేశాం కదండీ," అన్నాడు అల్లుడు, తప్పంతా తనదే అన్నట్టు.

"పోనీండి. మీ చేతనైంది మీరు చేశారు."

"చేతనైందంతా చేశాను. విప్పదగ్గవన్నీ విప్పి చూశాను. కొన్ని ముక్కలు ఇంకా ఈ పళ్ళెంలోనే ఉన్నాయి, మీరే చూడండి!"

మందుల షాపాయన పళ్ళెం వైపు చూడలేదు. అక్కడే ఉన్న బకెట్ మీద, ఫోన్ పక్కన, కూర్చుండిపోయాడు.

సరిగ్గా పదింటికి, మాట తప్పకుండా, పాతసామాన్లాయన వ్యాను తెచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. భుజాన తాడు, చేతిలో సుత్తి, వెనక ఇద్దరు మనుషులు, వాళ్ళ మధ్య ఒక కాటా. గుంపుని చూసి, ఇల్లు ఖాళీ చేస్తున్నారు కాబోలు, ఇంకా చాలా సామాను దొరుకుతుంది అనుకుని హుషారుగా, "ఏదండీ, ఎక్కడుంది? పెద్దదే అన్నారు. ఇక్కడే విరగ్గొట్టి తూచెయ్యమంటారా?" అన్నాడు.

కుట్టుపనావిడ అతని సుత్తి లాక్కుంది. "ప్రాణం పోయి అరగంట కాలేదు, తూస్తావుట్రా!" అని నలుగురూ మీదపడ్డారు. పాతసామాన్లాయన "అమ్మగారే ఫోన్ చేసి పిలిచారండీ!" అని మొత్తుకున్న కొద్దీ వాళ్ళ కోపం పెరిగింది.

ఆ గొడవలో వీధి మలుపు దగ్గర క్షవరం చేయించుకుని, నున్నటి గడ్డం నిమురుకుంటూ మామగారు వచ్చారు. వాకిట్లో కుర్చీలు, జనం, ఏడుపు మొహాలు చూసి ఆయన నడక తగ్గించారు. చివరి కుర్చీలో కూర్చుని పక్కాయన్ని మెల్లిగా అడిగారు.

"ఎవరు బాబూ?"

"ఈ ఇంటి పెద్దాయనటండీ. మంచి మనిషని చెప్పుకుంటున్నారు."

"ఈ ఇంట్లో పెద్దవాణ్ణి నేనే కదయ్యా!"

"అయ్యో, అయితే మీకే తెలియాలి," అన్నాడు పక్కాయన, తల తిప్పకుండానే.

మామగారు ఒకసారి తన చెయ్యి తనే గిల్లుకుని చూసుకున్నారు. నొప్పి పుట్టింది. అప్పుడు ఆయనకి అల్లుడు గుర్తొచ్చాడు, పోయింది అతనే అనుకున్నారు. "ఒరేయ్ అల్లుడూ! పనికిమాలినవాడివైనా బంగారం లాంటివాడివిరా!" అంటూ పెరట్లోకి పరుగెత్తారు. అదే సమయానికి స్కూలు కారు వచ్చి వ్యాను వెనక్కి ముక్కు గుచ్చి ఆగింది. భార్య దిగి, జనాన్ని తోసుకుంటూ ఆయన వెనకే పరుగెత్తింది, ఆవిడ వెనక పాతసామాన్లాయనతో సహా జనమంతా.

పెరట్లో ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. భార్య తండ్రిని పట్టుకుని బావురుమంది. మామగారు అల్లుణ్ణి పట్టుకుని బావురుమన్నారు. అల్లుడు అంతకుముందు నుంచే ఏడుస్తున్నాడు. మొదట తేరుకున్నది భార్య.

"మా నాన్నని ఎందుకు తన్నారు?"

"మామయ్యగార్నా? నేనా? నేను తన్నింది పెద్దాయన్ని!"

"పెద్దాయనెవరు?"

అల్లుడు వేలు చూపించాడు. పాతికమంది తలలు ఒక్కసారి మోటార్‌సైకిల్ వైపు తిరిగాయి. బకెట్ మీదున్న ఫోన్ "ఏం సార్, లేచాడా?" అంది.

భార్య మొహం ఎలా మారిందో రాయడం నాకు చేతకాదు. ఆవిడ పాతసామాన్లాయన వైపు తిరిగి, "తీసుకెళ్ళిపోండి. ఇప్పుడే. ఈ క్షణమే," అంది. అతను పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు తాడు విప్పాడు. అల్లుడు ట్యాంకుని రెండు చేతులా వాటేసుకుని, భార్య వైపు తిరిగి, "ఒక్క పది నిమిషాలివ్వవోయ్! నీకు దణ్ణం పెడతాను! ఇంకెప్పుడూ ఏదీ అడగను!" అన్నాడు. అతనలా బతిమాలడం చూసి నవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వలేకపోయారు.

మామగారు ముందుకొచ్చారు. "ఉండవోయ్. పది నిమిషాలు నడిచి ఆగుతోందా? కాసేపు వదిలేస్తే మళ్ళీ నడుస్తోందా?"

"అవును మామయ్యగారూ."

ఆయన ట్యాంకు మూత తిప్పారు. 'హుస్స్' మని లోపలికి గాలి పోయింది. కింద పైపులో పెట్రోలు గడగడా దిగింది. మామగారు మూతని వెలుగులో పెట్టి చూసి, "ఇక్కడ చిన్న కన్నం ఉండాలే! ఏం పూశావు దీనికి?" అన్నారు.

"మైనం పాలిష్," అన్నాడు అల్లుడు గర్వంగా. "ప్రతి ఆదివారం రెండు పూతలు. మూతకైతే మూడు."

"గాలి పీల్చుకునే కన్నం పూడ్చేశావు కదరా! పైనుంచి గాలి పోకపోతే కింద పెట్రోలు ఎలా దిగుతుంది? ముద్దు ఎక్కువై ముక్కు మూసేశావు."

కుట్టుపనావిడ జాకెట్టుకున్న సూది తీసి ఇచ్చింది. మామగారు నాలుగు పోట్లు పొడిచి మైనం తీసి, మూత బిగించారు. "మూతే అని నేను ఇందాకే చెప్పబోయాను," అంది ఫోన్. ఎవరూ పట్టించుకోలేదు. అల్లుడు ఒక్క తన్ను తన్నాడు. బండి గర్జించింది. జనం చప్పట్లు కొట్టారు. కుర్చీలు తెచ్చినందుకు ఇదైనా దక్కింది అనుకున్నారు.

అప్పుడు భార్య గడియారం చూసుకుని గావుకేక పెట్టింది. పదకొండింటికి తన దగ్గర నేర్చుకున్న ఆరుగురికి లైసెన్సు పరీక్ష. ఆవిడ లేకపోతే ఆరుగురికీ పరీక్ష లేదు. స్కూలు కారు వ్యానుకి అతుక్కుపోయి ఉంది. దాని వెనక కుర్చీలు తెచ్చిన బండి అడ్డంగా ఉంది. మాస్టారు ఇంకా మొదటి గేరులోనే ఉన్నారు.

"దిగండి," అంది ఆవిడ. అల్లుడు దిగాడు. ఆవిడ ఎక్కి, హ్యాండిల్ తిప్పి, పక్క సందులోంచి బాణంలా దూసుకుపోయింది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. అల్లుడు వీధి చివర చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఎక్కడా ఆగిన చప్పుడు లేదు. పాతసామాన్లాయన ఖాళీ కాటా ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆవిడ జుట్టంతా రేగిపోయి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చింది. ఆరుగురూ పాసయ్యారు. బండిని స్టాండు వేసి, సీటు మీద తట్టింది.

"ఎక్కడా ఆగలేదండీ. ఏం పికప్, ఏం చప్పుడు! స్కూల్లో అందరూ చుట్టూ మూగారు. ఇంక దీన్ని అమ్మే ప్రసక్తే లేదు."

"నాకు తెలుసు!" అన్నాడు అల్లుడు. సంతోషం పట్టలేకపోయాడు. "నాకు తెలుసోయ్, నీకు నచ్చుతుందని!"

"నచ్చడమేమిటి? రేపట్నుంచి నేనే వేసుకెళ్తాను," అంటూ ఆవిడ తాళం చెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు అల్లుడు ఆఫీసుకి బస్సులో వెళ్ళాడు. బస్సు దారిలో ఎక్కడా ఆగలేదు, అతను దిగవలసిన స్టాపుతో సహా.