కొత్త స్ప్రింగులు, ఇంటికో స్పీడ్ బ్రేకర్

ఇంటికో స్పీడ్ బ్రేకర్ ఉండాల్సిందే! వద్దనేవాళ్లకు నాగరికత అంటే ఏమిటో తెలియదని నా గట్టి నమ్మకం.

అనుమానముంటే మడికొండ పక్కన మా కాలనీకి రండి. ఇక్కడ ఎవరు ఇల్లు కట్టినా, స్లాబ్ పోసిన రోజు మిగిలిన కాంక్రీటును వృథా చేయరు. గేటు ముందు రోడ్డుకు అడ్డంగా పోసి, తాపీతో నున్నగా రుద్ది, ఆరేదాకా ఇటుకలు అడ్డం పెడతారు. గృహప్రవేశం తర్వాత సంగతి, ముందు బ్రేకర్. సర్కారు చేయాల్సిన పని జనమే చేసుకుంటుంటే, స్వపరిపాలన అనరా దాన్ని? మామూలు ఇంటికి మామూలు ఎత్తు, డూప్లెక్స్ అయితే ఇంకాస్త ఎత్తు. ఎవరి హోదా ఎంతో కారు కింద చప్పుడే చెబుతుంది.

లాభాలు ఒకటా రెండా? మెల్లగా పోతాం కనుక ఎవరింట్లో ఏం కూర వండారో తెలుస్తుంది. పెరుగు ప్యాకెట్ కొంటే ఇల్లు చేరేసరికి మజ్జిగ తయారు. కవ్వం ఖర్చు లేదు, కరెంటు ఖర్చు లేదు. ఇంకేం కావాలండీ మనిషికి?

ఇంత అభివృద్ధిని ఓర్వలేనిది మా పాత కారు ఒక్కటే. వెనక స్ప్రింగులు కుంగిపోయాయి. నా భార్య రత్నమ్మకేమో ఈమధ్యే నడుం ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీకి హన్మకొండ తీసుకుపోతూ ఉండాలి, మానితే కాలు పడిపోతుందని డాక్టరు చెప్పాడు. నాకు నిజంగానే భయం వేసింది. మెకానిక్ యాకూబ్ దగ్గరికి పరుగెత్తాను.

"రెండు తీర్ల స్ప్రింగులున్నయి సార్," అన్నాడు యాకూబ్. "మెత్తటియి ఏస్తె మేడం నడుముకు హాయి. గని బండి కిందికుంటది, మీ బ్రేకర్లకు అడుగు రాసుకుంటది. ఎత్తుయి ఏస్తె బ్రేకర్లు దాటుతది. గని అవి గట్టిగుంటయి, దెబ్బంత నడుముకే. జర సోచాయించి చెప్పున్రి."

భార్య నడుమా, బ్రేకరా? చాలాసేపు ఆలోచించాననుకునేరు. మెత్తటివే వేయించాను.

మర్నాడు బయల్దేరాం. పక్కింటి బ్రేకర్ మీదే కారు అడుగు కర్రుమంది.

"జర ఆపున్రి, నేను దిగుత," అంది రత్నమ్మ.

ఆమె దిగింది, బరువు తగ్గి కారు లేచింది, గట్టెక్కింది. ఆమె మళ్లీ ఎక్కింది. తర్వాతి గేటు దగ్గర మళ్లీ దిగింది. ఇంకో గేటు దాటాక ఎక్కే ఓపిక లేక నడుం పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచింది. వెనకాలే నేను కారులో. కొత్త స్ప్రింగులు అద్భుతం, నాకు ఒక్క కుదుపూ తెలియలేదు.

ఆ దృశ్యం చూసి కాలనీ గుండె కరిగింది. ఆదివారం చర్చి అయ్యాక ఎదురింటి విన్సెంట్ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అక్క రోడ్డు మీద నడుస్తాంటె మాకు భయమైతాంది బావా. ఏ బండోడన్న స్పీడ్‌గ వచ్చి గుద్దితె ఎట్ల? నువ్వేం ఫికర్ చెయ్యకు, మేం జూస్కుంటం," అన్నాడు.

చూసుకున్నారు. విన్సెంట్ పై అంతస్తు మెట్లకు పోయగా మిగిలిన కాంక్రీటుతో, రత్నమ్మ క్షేమం కోసం, మా గేటు ముందు కాలనీలోకెల్లా ఎత్తైన బ్రేకర్ లేచింది.

ఇప్పుడు నేనొక్కణ్ణే కూర్చున్నా కారు అడుగు ఆనుతోంది. నేను కూడా దిగితే దాటుతుంది. కానీ నడిపేదెవరు?

ఈ వారం ఫిజియోథెరపీ పోయింది. రత్నమ్మ కాలు ఈడుస్తూ గేటు దాకా వచ్చి, కాంక్రీటు వైపు చూసి, వీధంతా వినబడేలా అంది: "నన్ను కాపాడింది సాలు. ఎవరన్న ఓ గడ్డపార ఇయ్యున్రి."

నేను ఇల్లిల్లూ తిరిగి అడిగాను. గడ్డపార ఎవరి దగ్గరా లేదట. కావాలంటే సగం బస్తా సిమెంటు ఇస్తామన్నారు.