జప్తు చేసిన కోట

"బాల్యమనే పచ్చని చేను మీద వాలిన మిడతల దండు వీడియో గేమ్!"

ఈ మహావాక్యాన్ని పెద్దసారు ముప్ఫై ఏళ్ళ పాటు ప్రతి సోమవారం పొద్దున మైకులో వినిపించారు. అది చాలదని బడి ప్రహరీ గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించారు. ఎండకూ వానకూ అక్షరాలు వెలిసిపోయినప్పుడల్లా మళ్ళీ రంగు వేయించారు. గోడకు సున్నం లేకపోయినా ఫరవాలేదు గానీ, మిడతలకు మాత్రం రంగు తగ్గకూడదు!

ఉత్త మాటలతో సరిపెట్టే మనిషి కాదాయన. పిల్లల సంచులు వెతికించేవారు. దొరికిన ఆట క్యాసెట్టునల్లా, అదే, టీవీకి తగిలించిన ఆటపెట్టెలో గుచ్చుతారే, ఆ అరచేతి వెడల్పు బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బాని, జప్తు చేసి పుస్తకంలో ఎక్కించేవారు. పిల్లవాడి చేత సంతకం పెట్టించి, ఇనప్పెట్టెలో పడేసి తాళం వేసేవారు. ఒకసారి ఒక అమ్మాయి దగ్గర ఏకంగా ఆటపెట్టే దొరికింది. అదీ లోపలికి పోయింది. రిటైరైన రోజున ఆ ఇనప్పెట్టె ఆయనతో పాటే ఇంటికొచ్చింది.

"ఎందుకండీ ఈ చెత్త?" అంది భార్య.

"చెత్త కాదు, సాక్ష్యం! పరుల చేతుల్లో పడితే దుర్వినియోగమవుతుంది," అని మంచం కిందికి తోయించారు.

అది జరిగిన పన్నెండేళ్ళకు, పూర్వ విద్యార్థుల సంఘం ప్రెసిడెంటు ఇంటికొచ్చాడు. బళ్ళో ఉన్నప్పుడు గోడ దూకడంలో పేరు మోసినవాడు. ఇప్పుడు సిమెంటు వ్యాపారం.

"సార్! బడికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. కొత్త హాలు కట్టాం. 'క్రమశిక్షణా భవనం' అని పేరు. కింద మీ పేరు, రాతి మీద చెక్కిస్తున్నాం. ఇంక చెరిగే ప్రశ్నే లేదు!"

పెద్దసారు వద్దు వద్దంటూనే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఎలా రాయాలో కాయితం మీద రాసిచ్చారు.

"ఇంకో మనవి సార్. జప్తు చేసిన క్యాసెట్లు ఆ రోజు మీ చేతుల మీదుగానే మాకు ఇవ్వాలి. ఒకటి వేదిక మీదే టీవీకి తగిలించి ఆడిద్దాం. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? మన బడి పిల్లే! ఇప్పుడు విద్యాశాఖ అధికారిణి. ఎనిమిదో తరగతిలో ఆవిడ కోట ఆటని, పెట్టెతో సహా మీరే లాక్కున్నారట. అదే పెట్టమంటోంది."

పెద్దసారు గొంతుకు టీ అడ్డం పడింది.

ఎందుకు పడిందో చెప్పాలంటే ఇరవై రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. కోట ఆటను జప్తు చేసిన వారంలోనే పెద్దసారుకు ఒక ధర్మసందేహం కలిగింది. విచారణ లేకుండా శిక్ష వేయడం న్యాయమా? కాదు! అందుకని ఒక శనివారం బడి వదిలాక, విద్యా కార్యక్రమాల కోసం ప్రభుత్వం దయచేసిన టీవీకి ఆ పెట్టె తగిలించి విచారణ మొదలుపెట్టారు. తలుపుకు "తనిఖీ జరుగుచున్నది, లోనికి రారాదు" అని బోర్డు వేలాడదీశారు. ఆ తనిఖీ పధ్నాలుగు నెలలు జరిగింది.

ఇరవై అంతస్తుల కోట. చేతిలో బల్లెం పట్టుకున్న ఒక చిన్న సిపాయి. అంతస్తు అంతస్తుకూ ఉచ్చులు, దొంగ తలుపులు. చివరి అంతస్తు గెలిచిన నాడు, ఆట మొదటి పుటలోనే ఒక వాక్యం శాశ్వతంగా వెలిసింది. "ఈ కోట నేలు రాజు: హెచ్.ఎం." సొంత పేరు రాయడానికి జంకి హోదా రాసుకున్నారు మరి! ఉద్యోగంలో ఒక్క మెప్పు కాయితమైనా ఎరగని ఆ మనిషి, తలుపు గడియ పెట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన జీవితంలో అంత నికరమైన గెలుపు మరొకటి లేదు. దురదృష్టమేమిటంటే, ఎవరికీ చెప్పుకునే గెలుపు కాదది.

ఆ పేరు ఏ మీట నొక్కినా పోదు. క్యాసెట్టు లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. అది బతికున్నంత కాలం రాజుగారూ బతికే ఉంటారు. ఇప్పుడా రాజుగారు క్రమశిక్షణా భవనంలో, నిండు సభలో, అధికారిణి ఎదుట తెర మీదికి రాబోతున్నారు!

మర్నాడే భోజనాల బల్ల మీద దినపత్రిక పరిచి పెద్దసారు పనిలోకి దిగారు. మొదటి అడ్డంకి మరలు. వాటి తలలు మామూలు మరల్లా లేవు, ఏ స్క్రూడ్రైవరూ పట్టలేదు. చివరికి ఒక బాల్ పెన్ను గొట్టాన్ని దీపం సెగకు మెత్తబరచి, మర తల మీద నొక్కి, ఆరాక తిప్పారు. పట్టుకుంది! ఆ విజయగర్వంలో, భార్య గోళ్ళరంగు తుడిచే మందు తీసుకుని ఒక క్యాసెట్టు పైభాగం రుద్దారు. మురికి పోయింది. దాంతో పాటు బొమ్మ పోయింది, ఆట పేరు పోయింది, ప్లాస్టిక్కే జిగురుగా వేలికి అంటుకుంది.

"శుభ్రం చేస్తున్నారా, కరగదీస్తున్నారా?" అంది భార్య, వంటింటి గుమ్మంలోంచి.

"ప్రయోగదశలో కొంత నష్టం తప్పదోయ్!"

ఆ తర్వాత మెలకువ వచ్చింది. మందుల షాపు నుంచి స్పిరిటు తెప్పించారు. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు తెప్పించారు. క్యాసెట్టు అడుగున పళ్ళలా వరసగా ఉండే రాగి పట్టీల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. దాన్ని ముందు పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దారు, తర్వాత స్పిరిటు పుల్లతో తుడిచారు, పాత పళ్ళబ్రష్షుతో మూలలు దులిపారు. పుల్ల నల్లబడితే కొత్తది. అదీ నల్లబడితే ఇంకోటి. ఒక్కో క్యాసెట్టుకూ పాతిక పుల్లలు!

"ఈ చిలుముకు కారణం ఏమిటో తెలుసా? ఊదడం! ఆట రాకపోతే చాలు, ప్రతి వెధవా క్యాసెట్టు తీసి ఉఫ్ ఉఫ్ మంటాడు. నోటి తేమంతా రాగికి పడుతుంది. మన దేశ దౌర్భాగ్యం ఆ ఊదడమే!"

"ఇన్ని సంగతులు మీకెలా తెలుసండీ?"

"చదివాను."

"అలాగా! మీరు శనివారాలు తనిఖీ చేసిన ఆ ఏడాదంతా నిద్రలో బొటనవేళ్ళు ఆడించేవారు. అదీ చదువేననుకున్నా," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దసారు కాసేపు దూది పుల్లతో సొంత గోరు తుడుచుకున్నారు.

అప్పుడే ఫోన్ మోగింది. అధికారిణి!

"నమస్కారం సార్. మీకు గుర్తున్నానో లేదో... నా కోట ఆట ఇంకా పనిచేస్తోందా సార్?"

"పరిశీలనలో ఉందమ్మా."

"అందులో నేనాడింది అలాగే ఉంటుందా? ఏడో అంతస్తు దాకా వెళ్ళాం, నేనూ మా అన్నయ్యా, వంతులేసుకుని. వాడిప్పుడు ఓడల్లో పనిచేస్తున్నాడు, రెండేళ్ళకోసారి కనిపిస్తే గొప్ప. నిన్న ఫోన్లో చెప్తే ఎగిరి గంతేశాడు సార్! ఫొటో తీసి పంపుతానని మాటిచ్చాను."

"చూద్దామమ్మా. చూద్దాం," అని పెట్టేశారు.

చూశారు. తలుపేసుకుని, టీవీకి తగిలించి చూశారు. ఇరవై రెండేళ్ళ బ్యాటరీ ఇంకా కొన ఊపిరితో ఉంది. ఆడినంతవరకూ దాచుకునే మూడు గళ్ళలో, మొదటి గడిలో అన్నాచెల్లెళ్ళ సిపాయి ఏడో అంతస్తులో బల్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైన రాజుగారు ఏలుతూనే ఉన్నారు. బ్యాటరీ పీకితే రాజు పోతాడు, సిపాయీ పోతాడు. పీకకపోతే రాతి మీద చెక్కిన పేరు పోతుంది.

పెద్దసారు మధ్యాహ్నం దాకా బల్ల ముందు కూర్చున్నారు. మూడుసార్లు ఆ పెన్ను గొట్టం పట్టుకుని మూడుసార్లూ దింపేశారు. నాలుగోసారి బ్యాటరీ ఊడదీసి కొత్తది పెట్టారు.

"అలాగే ఉంటుందా అని అమ్మాయి అడిగినట్టుందిగా?" అంది భార్య.

"దాని కాలం తీరిందోయ్."

"తీరిందా, తీర్చారా?"

ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు.

సభ రోజున హాలు కిటకిటలాడింది. క్యాసెట్లు మెరుస్తున్నాయి. ముప్ఫైలూ నలభైలూ దాటిన మగవాళ్ళూ ఆడవాళ్ళూ పేరు పిలవగానే లేచి, చేతులు కట్టుకుని వేదికెక్కి, చిన్నప్పటి క్యాసెట్టు అందుకుని, సిగ్గుపడుతూ దిగారు. క్రమశిక్షణ మీద మూడు ఉపన్యాసాలయ్యాయి. మూడో ఉపన్యాసకుడు పెద్దసారును "మిడతల పాలిటి మహాగ్ని" అన్నాడు.

ఇక కోట ఆట. ప్రెసిడెంటు క్యాసెట్టు అందుకుని, అలవాటు కొద్దీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఊదకు!" అని గర్జించారు పెద్దసారు.

హాలంతా నిటారుగా కూర్చుంది. తేమ గురించి, చిలుము గురించి పెద్దసారు రెండు ముక్కలు సెలవిచ్చారు. చప్పట్లు!

తెర వెలిగింది. మూడు గళ్ళూ ఖాళీ. రాజు లేడు. పెద్దసారు గుండె నిండా ఊపిరి పీల్చుకున్నారు. కానీ అధికారిణి ముఖం వాడిపోయింది. ఫొటో తీయడానికి పైకెత్తిన ఫోన్ దించేసింది.

"పోయిందా సార్?"

"బ్యాటరీ తల్లీ. పాతబడి... దానంతటదే..."

"పోనీలెండి, మీరేం చేస్తారు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి పెద్దసారుకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఎక్కడికైనా పారిపోవాలనిపించేంత సిగ్గు.

అందరూ ఆడమని బలవంతం చేస్తే ఆవిడ కొత్తగా ఆట మొదలుపెట్టింది. మొదటి అంతస్తు దాటింది. రెండో అంతస్తులో గోడ అడ్డొచ్చింది. సిపాయి కుడికి వెళ్ళి గోతిలో పడ్డాడు. మళ్ళీ లేచి, మళ్ళీ కుడికే వెళ్ళి, మళ్ళీ పడ్డాడు. పెద్దసారు చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. బొటనవేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. పెదవి కొరుక్కున్నారు. రాతి మీద చెక్కిన సొంత పేరు కేసి చూశారు. సిపాయి నాలుగోసారి కుడికి తిరిగాడు.

"ఎడమకమ్మా, ఎడమకి! ఆ గోడ ఉత్తిదే! బల్లెంతో పొడు, వెనక తలుపుంది!"

అధికారిణి పొడిచింది. గోడ కూలింది. తలుపు తెరుచుకుంది.

ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఈ దారి మా అన్నయ్యకీ తెలీదు సార్. మాకు ఆ గోతి మీది తాడు పట్టుకుని ఎక్కడానికి నెల్లాళ్ళు పట్టింది."

"అంటే... గోడ వాలకం చూసి ఊహించా... అయ్యో, ఆ దివిటీ ముట్టుకోకు, అది ఉచ్చు! నువ్వు లే, ఇటివ్వు ముందు!"

అని రిమోటు లాక్కున్నారు పెద్దసారు! ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. మూడు, నాలుగు, అయిదు. మహాగ్ని అన్న ఉపన్యాసకుడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ప్రెసిడెంటు నేల మీదే చతికిలబడి "వెనకాల వెనకాల సార్!" అని అరుస్తున్నాడు. "విద్యార్థులు, సమయపాలన" అన్న ముఖ్య అతిథి ప్రసంగ సమయం దాటిపోయిన సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఎనిమిదో అంతస్తులో అధికారిణి మెల్లగా అడిగింది. "అప్పట్లో ఎంతదాకా వెళ్ళారు సార్?"

"ఇరవై! రాజును నేనే!"

"మరి రాజు పేరు పైన ఉండాలిగా?"

"ఉండేది. బ్యాటరీ పీకేశా."

అన్నాక గానీ ఏమన్నారో ఆయనకు తెలియలేదు.

"మా ఏడో అంతస్తు కూడా ఉందా అప్పటికి?"

"ఉంది తల్లీ. నీదీ, మీ అన్నయ్యదీ. నా పేరు కాపాడుకోవడానికి తీసేశాను. పెద్ద తప్పు చేశాను."

అధికారిణి లేచి వచ్చి, ఆయనకూ తెరకూ మధ్య నిలబడి, చెయ్యి చాచింది.

"ఇటివ్వండి."

పెద్దసారు మెడ ఒక పక్కకు వంచి, ఆవిడ మోచేతి కింది నుంచి తెర మీద చూపు నిలిపారు.

"ఒక్క నిమిషం మేడమ్! ఈ అంతస్తు అయిపోవచ్చింది. అవగానే ఇచ్చేస్తాను, ఒట్టు!"