కార్లకు బాప్తిస్మం

కరువు మూడో ఏడు కూడా జాంబియా దక్షిణాన ఉన్న మా పట్టణాన్ని వదలకపోవడంతో, కుళాయి నీటితో వాహనాలు కడగరాదని, తోటలు తడపరాదని, ఒకరి కుళాయి నీళ్ళు ఇంకొకరు మోసుకెళ్ళరాదని పురపాలక మండలి ఆజ్ఞాపించింది. ఆ నియమాన్ని నిర్దుష్టమైన ఇంగ్లీషులో రాసే గౌరవం, బడిలో ఆ భాష చెప్పి రిటైరైన సియామ్విజా మాస్టారికి, అంటే నాకు, దక్కింది. చర్చివాళ్ళు నొచ్చుకుంటారేమోనని చివర ఒక చిన్న వాక్యం నేనే కలిపాను: ఆరాధనకు వాడే నీటికి ఈ నిషేధం వర్తించదు.

కార్లు కడిగే షెడ్డు యజమాని హమూంగా నా పాత విద్యార్థి. ఆదివారం నాటికి షెడ్డు మీద శిలువ లేచింది. కార్లు కడగడం మానేసి, వాటికి బాప్తిస్మం ఇవ్వసాగాడు. నాలుగు చుక్కలు చల్లి పంపే శాఖ కాదు వాడిది, నిండా ముంచే శాఖ. సబ్బు కూడా వాడేవాడు. పాపం జిడ్డుగా ఉంటుందట. మినీబస్సులు బారులు తీరాయి, డ్రైవర్లు కీర్తనలు పాడారు. నా కారు మొదటి వారమే రక్షణ పొందింది.

మండలి నన్ను పిలిపించి నిలదీసింది. నేను తడబడలేదు. ఇది ఉల్లంఘన కానేకాదని, ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘సర్కమ్‌వెంట్’ అంటారని, లాటిన్లో దాని అర్థం చుట్టూ తిరిగి రావడమని గంటసేపు ఉపన్యసించాను. నియమాన్ని తొక్కేవాడు నేరస్థుడు, చుట్టి వచ్చేవాడు చదువుకున్నవాడు అని ముగించగానే సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ వారం నుంచి మా ఊళ్ళో నేరాలు లేవు. చనిపోయినవారి స్మరణ కూడా ఆరాధనే గనుక, మండలి అధ్యక్షులవారు తమ గులాబీ తోట మధ్యలో అత్తగారి పేర సమాధిరాయి పాతించి, రోజూ దాన్ని తడిపారు.

తర్వాత ఊరి కుళాయిలన్నీ ఎండిపోయాయి, ప్రసూతి ఆసుపత్రిలోది కూడా. పల్లంలో ఉన్న హమూంగా షెడ్డులో మాత్రం నీళ్ళొస్తున్నాయి.

మా పొరుగున బినా లుయాండో, అంటే లుయాండో తల్లి, ఉంటుంది. కూతురికి నొప్పులు మొదలైతే, నర్సు రెండు బకెట్ల నీళ్ళు తెచ్చుకోమందట. ఆవిణ్ణి కారెక్కించుకుని షెడ్డుకు తీసుకెళ్ళాను.

హమూంగా చేతులు నలుపుకున్నాడు. “నియమం మీరే రాశారు కద మాస్టారూ. ఆసుపత్రి మాట అందులో లేదు. ప్రార్థన చేసుకుని పట్టుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు.”

శిష్యుడి తెలివికి మురిసిపోతూ ఆవిడకు ఆ పద్ధతి వివరించబోయాను.

“మీరిద్దరూ చుట్టూ తిరుగుతూ ఉండండి నాయనా,” అందావిడ. “అవతల నా పిల్ల కంటోంది.” కుళాయి తిప్పి, బకెట్లు నింపుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నేనూ కారూ అక్కడే ఉండిపోయాం. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఆ ఏడాదికి నియమాన్ని ఉల్లంఘించిన ఏకైక వ్యక్తి బినా లుయాండోయే. అభియోగం నేనే రాశాను. కామా కూడా తప్పిపోలేదు.

విచారణలో అధ్యక్షులవారు మెత్తగానే అడిగారు. “ఒక్కసారి ఆమెన్ అంటే సరిపోయేది కదమ్మా, ఎందుకనలేదు?”

“నీళ్ళు కావాలి, పట్టుకున్నాను. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడటం నాకు చేతకాదయ్యా,” అంది.

నెల్లాళ్ళు మండలి వాకిలి ఊడవాలని తీర్పయింది. ఇంగ్లీషు రాకపోవడం వల్ల ఒక మంచి మనిషి నేరస్థురాలైందని సభ విచారం వెలిబుచ్చింది. ఇది చదువుతున్న మీ తెలుగువాళ్ళు మాత్రం మీ పిల్లల్ని ముందుచూపుతో ఇంగ్లీషు మీడియంలోనే చేర్పించారని విని ఎంతో సంతోషించాను.