బయటి తిండి, లోపలి కడుపు

విహారస్థలాల గేటు దగ్గర ‘బయటి తిండి, పానీయాలు లోపలికి తేరాదు’ అని ఒక బోర్డుంటుంది, చూశారా? దాన్ని పెట్టించిన మహానుభావుడికి మనమంతా చేతులెత్తి మొక్కాలి!

నవ్వకండి. ఇంట్లో తింటే ఎండిపోయిన రొట్టె. అదే రొట్టెను తువ్వాల్లో చుట్టి, సంచి అడుగున దాచి, గుండె దడదడలాడుతుండగా గేటు దాటించి తిని చూడండి. అమృతం! ఆ బోర్డే లేకపోతే సాధుజీవులైన ఆడవాళ్ళకు ఇంత తెగువ, చేతులు వణికే ముసలివాళ్ళకు ఇంత హస్తలాఘవం ఎక్కణ్ణుంచి వచ్చేవి? ఒకావిడ పసిపాప పక్కన పుచ్చకాయను పడుకోబెట్టి, రెండింటికీ ఒకే దుప్పటి కప్పి, కవలలని చెప్పి లోపలికి తోసుకెళ్ళిందట. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను పుచ్చకాయనే మెచ్చుకున్నాడట, ఏడవకుండా బుద్ధిగా ఉందని!

ఇంత చక్కగా నడిచిపోతున్న ఏర్పాటుకు ఎసరు పెట్టిన మనిషి మా వీధిలోనే ఉన్నాడు. ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. అచ్చులో పడ్డ మాటంటే ఆయనకు శిలాశాసనం. తలుపు మీద ‘నెట్టుము’ అని ఉంటే, లాగితే తెరుచుకుంటుందని తెలిసినా నెడుతూనే నిలబడే రకం.

ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. ఏడాది పొడుగునా బతిమాలితే మూడు రోజుల సెలవు దొరికింది. సరస్సు ఒడ్డున నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి, ఎవరూ ‘సిస్టర్’ అని పిలవకూడదు. అంతే ఆవిడ కోరిక.

“చూడండీ, ఈ మూడు రోజులూ మీరు ఏదీ చదవద్దు,” అని బయల్దేరేముందే ఆయన కళ్ళజోడు తీసి తన సంచిలో వేసుకుంది.

ఏం లాభం! గేటు మీద అక్షరాలు ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. ఆయన బోర్డు ముందు కొయ్యబారిపోయాడు.

పక్కనుంచి జనం ఏరులా సాగిపోతున్నారు. ఒకాయనైతే పొయ్యితో పాటు గ్యాసు బండ కూడా మోసుకొచ్చాడు. సెక్యూరిటీ అతను జాలిపడి బండకు ఓ చెయ్యి వేశాడు.

“నడవండి,” అంది నర్సు.

“ఎలా నడుస్తాం? రాసి ఉందిగా!”

“అందరూ పట్టుకుపోతున్నారు కదండీ!”

“అందరూ కలిసి తప్పు రాస్తే ఒప్పయిపోతుందా?”

ఆవిడ గేటు సందులోంచి మెరుస్తున్న నీళ్ళకేసి చూసి, పళ్ళు నూరి, చివరికి ఒక రాజీకి వచ్చింది. తెచ్చిన తిండంతా బయటే తినేసి లోపలికి పోవాలి. మూడు రోజుల తిండి! ముగ్గురూ గేటు పక్కన దుప్పటి పరిచారు. మూడో మనిషి ఆవిడ తల్లి. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, బిస్కెట్లు, అరటిపళ్ళు... మింగుతున్నారు, ఆయాసపడుతున్నారు, మళ్ళీ మింగుతున్నారు. ఇంకా సగం సంచి మిగిలే ఉంది.

అత్తగారు గట్టిగా ఒక తేన్పు తేన్చి అంది, “అల్లుడుగారూ, నాకో సందేహం. పొట్టలో పెట్టుకుపోతే మాత్రం అది బయటి తిండి కాదా?”

ఆవిడ వేళాకోళానికే అంది. ప్రూఫ్‌రీడరు మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు. లేచి తిన్నగా సెక్యూరిటీ అతని దగ్గరికి వెళ్ళాడు.

“అయ్యా, తిన్నది అరిగేదాకా ఆగాలా, ఇప్పుడే రావచ్చా?”

అతను అప్పుడే క్యారేజీ విప్పి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“అది ఇంటి నుంచి తెచ్చుకున్నదేనా?” అని అడిగాడు ప్రూఫ్‌రీడరు.

సెక్యూరిటీ అతను బోర్డుకేసి చూశాడు. అన్నాళ్ళూ దాని నీడలో కూర్చున్నాడే గానీ ఏనాడూ తలెత్తి చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు చదివాడు. ముద్ద మింగితే నేరం, ఉమ్మితే అవమానం. బుగ్గ ఉబ్బించుకునే మేనేజరుకు ఫోన్ చేశాడు.

మేనేజరు పరుగున వచ్చాడు. చేతిలో ఎదుటి కొట్టు టీ గ్లాసు. అందరి కళ్ళూ గ్లాసు మీద పడ్డాయి. ఆయన దాన్ని వీపు వెనక దాచుకోబోయి చొక్కా తడుపుకున్నాడు.

అంతలో క్యాంటీన్ సరుకుల వ్యాను వచ్చింది. అప్పటికి ధర్మం తలకెక్కిన సెక్యూరిటీ అతను అడ్డుకర్ర దించేశాడు. “బయటి తిండి! లోపలికి పోకూడదు!”

క్యాంటీన్ వంటవాడు లోపల్నుంచి మొత్తుకున్నాడు. “ఒరేయ్, లోపల ఏం పండుతుందిరా? సరస్సులో చేపలు తప్ప!”

“చేపలు పట్టరాదని ఆ పక్కన ఇంకో బోర్డుంది,” అని సాయంగా చెప్పాడు ప్రూఫ్‌రీడరు.

గేటు స్తంభించింది. వెనక నిలబడ్డ జనం సంచులు గుండెలకు హత్తుకుని గగ్గోలు పెట్టారు. కోపం ఎవరి మీదంటారు? బోర్డు మీదా? దాన్ని పెట్టి మరిచిపోయిన మేనేజరు మీదా? పిచ్చివాళ్ళా ఏం! ప్రూఫ్‌రీడరు మీద!

“నీకెందుకయ్యా ఇదంతా? తెచ్చుకుని తిని చావక!” అన్నాడు గ్యాసు బండ ఆయన, తన భార్య కోసం వెనక్కి వచ్చినవాడు.

మేనేజరు అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. అడ్డుకర్ర లేచింది. వ్యాను, సంచులు, కవలలు, క్యారేజీలు అన్నీ లోపలికి పోవచ్చు. ఒక్క ప్రూఫ్‌రీడరు తప్ప.

“నిబంధనల ప్రకారం మీకు ప్రవేశం లేదు.”

“ఏ నిబంధన?”

“రాయిస్తున్నాం.” తర్వాత నర్సు వైపు తిరిగి మర్యాదగా అన్నాడు, “మీరు వెళ్ళచ్చమ్మా.”

ఆవిడ నీళ్ళకేసి ఒకసారి చూసింది. మొగుడికేసి ఒకసారి చూసింది. తర్వాత మేనేజరు మీద విరుచుకుపడింది.

“మా ఆయన చాదస్తుడే. ఆ చాదస్తంతో నేను రోజూ చస్తూనే ఉన్నాను. కానీ ఆయన మీ గోడ దూకలేదండీ, మీ బోర్డు చదివాడు! చదివినవాణ్ణి బయటికి గెంటుతారా?”

మేనేజరు తడిసిన చొక్కా పిండుకున్నాడు. ఆవిడ వెళ్ళి దుప్పటి మీద మొగుడి పక్కన కూలబడింది. అత్తగారు మాత్రం, డబ్బు పోసి కొన్న టికెట్ ఎందుకు పాడుచేయడమంటూ మిగిలిన సంచి చంకనేసుకుని లోపలికి నడిచింది.

ప్రూఫ్‌రీడరు లేచి, ఎదుటి టీకొట్టువాణ్ణి అడిగి బకెట్టెడు నీళ్ళు తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు.

“నా మీద కోపమా?” అన్నాడు.

“మాట్లాడకండి,” అంది ఆవిడ, కాళ్ళు బకెట్లో పెడుతూ.

ఇప్పుడు మీరు అక్కడికి వెళ్తే పాత బోర్డు కింద కొత్త బోర్డు కనిపిస్తుంది. ‘బోర్డులు చదువువారికి ప్రవేశము లేదు.’ సెక్యూరిటీ అతను ఇప్పుడు సంచులు చూడడం లేదు, కళ్ళు చూస్తున్నాడు. ఎవరి చూపు పైకి లేస్తే వాళ్ళు ఇంటికే. జనం తెలివిమీరారు. పెద్దలు తలలు దించుకుని, పిల్లల కళ్ళు మూసి, తిండి మూటలతో జామ్ జామ్మని లోపలికి పోతున్నారు.

మన దగ్గర నిబంధనలు అమలు కావని గోల పెట్టేవాళ్ళు ఒక్కసారి వెళ్ళి చూసి రండి. కావలసినవి అవుతూనే ఉన్నాయి!