సార్జెంట్ హోల్కోమ్ అడ్డుకున్న ద్రవం

వెర్నా హోల్కోమ్‌కు మొగుడి మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. తాగడు, జూదమాడడు, ఆదివారం అందరికంటే ముందే వెళ్ళి చర్చిలో కూర్చుంటాడు. కాకపోతే ఆవిడ సరుకులు కొనుక్కొచ్చినప్పుడల్లా కారు డిక్కీ తెరిపించి చూస్తాడు. కిందటి నవంబరులో థాంక్స్‌గివింగ్ విందుకు తన కన్నతల్లి వండి తెచ్చిన టర్కీ కోడి పొట్టలోకి టార్చిలైటు వేసి చూసి, తృప్తిపడ్డాకే దాన్ని గుమ్మం దాటనిచ్చాడు. మనిషి మాత్రం బంగారం.

సార్జెంట్ కెర్మిట్ హోల్కోమ్ పందొమ్మిదేళ్ళుగా మేరీలాండ్‌లోని ఒక ప్రభుత్వ వైద్య పరిశోధనా ప్రాంగణానికి రక్షకుడు. దానికి సొంత పోలీసు దళం ఉంది. లోపల శాస్త్రజ్ఞులు సమస్త రోగాలకూ మందు వెతుకుతుంటారు. గేటు దగ్గర పోలీసులు ఆ మందు కోసం వచ్చినవాళ్ళ సంచులు వెతుకుతుంటారు. వీటిలో ఎక్కువగా ఫలించేది రెండోదే. నిరుడు ఒక్క ఏడాదిలోనే పద్దెనిమిది వందల గోళ్ళ కత్తెరలు దొరికాయి.

దళం కార్యదక్షత గురించి ఇంకొక్క మాట. కంచె కట్టినప్పుడు ఒక జింకల మంద లోపలే ఉండిపోయింది. వాటికి ప్రవేశపత్రాలు లేవు. లోపలికి వచ్చినట్టు రికార్డు లేనివాటిని బయటికి పంపడం కుదరదు గనుక, అవి అసలు లేనట్టే భావించాలని ఉత్తర్వు వచ్చింది. లేని జింకలు రోడ్డు దాటేటప్పుడు ఉన్న కార్లను ఆపడానికి ఇద్దరు కానిస్టేబుళ్ళను కూడా వేశారు.

ఇలా ఉండగా వెర్నా చెల్లెలు ఇడెల్‌కు మూత్రపిండాలు పాడవసాగాయి. ఆ ప్రాంగణంలోనే డాక్టర్ పామ్‌క్విస్ట్ కొత్త మందు ప్రయోగిస్తున్నారు. ఒక్క ఖాళీ మిగిలింది. అది ఇడెల్‌కు దక్కాలంటే, పోల్చి చూసుకోవడానికి జబ్బులేని తోబుట్టువు మూత్రం, ఇరవై నాలుగు గంటలదీ పట్టి, మంగళవారం ఉదయం పదిలోపల అందించాలి. పది దాటితే ఖాళీ ఇంకొకరిది.

వెర్నా ఆ పని నిష్ఠగా చేసింది. డాక్టర్ పేరు రాసిన డబ్బాను ఐసుపెట్టెలో పెట్టుకుని తొమ్మిదిన్నరకల్లా గేటు దగ్గరికి వచ్చి కారు దిగింది. డ్యూటీలో ఉన్నది కెర్మిట్. ఆ ఉదయం ఆవిడ వేయించిన గుడ్లు తిని వెళ్ళినవాడే. గుర్తింపు కార్డు అడిగి, ఫొటో వంకా మొహం వంకా మార్చి మార్చి చూశాడు.

"మీ జబ్బేమిటి మేడమ్?"

"నాకే జబ్బూ లేదు."

"మరెందుకొచ్చారు?"

"జబ్బు లేదనే రమ్మన్నారు. రాత్రి గంటసేపు చెప్పాను కదయ్యా."

"రాత్రి నేను డ్యూటీలో లేను మేడమ్," అన్నాడు కెర్మిట్.

తర్వాత నిబంధనల పుస్తకం తెరిచాడు. శరీర నమూనాలు తెచ్చే హక్కు రోగులది. రోగి కాని మనిషి సందర్శకుడు. సందర్శకుడి దగ్గర ద్రవమేదైనా ఉంటే అది పానీయం కిందికి వస్తుంది. పానీయం తెచ్చినవారు అది నిరపాయమని రుజువు చేసేందుకు అధికారి ఎదుట ఒక గుటక తాగి చూపాలి. ఇదంతా స్పష్టంగా చదివి, డబ్బా మూత తీసి, ఎంతో మర్యాదగా భార్య ముందుంచాడు.

వెర్నా ఆయన మొహంలోకి చూసింది. మూతి చివరనో కళ్ళ కిందనో నవ్వు దాచుకున్నాడేమోనని వెతికింది. సోదాలో ఏమీ దొరకలేదు.

వెనక పదహారు కార్లు. వీళ్ళలో ఒక్కరైనా కలగజేసుకోకపోతారా అని ఆవిడ ఆశ. వెంటనే వెనక కారులోని పెద్దావిడ అద్దం దించింది.

"ఒక్క గుటకే కదమ్మా, కానిచ్చేయరాదూ. మా ఆయన నిన్న దగ్గుమందు తాగి చూపించాడు. మేమేమన్నా గొడవ చేశామా?"

ఆ వెనక కారులో బో టై కట్టుకున్న శాస్త్రజ్ఞుడున్నాడు. నలభై ఏళ్ళుగా ప్రతిదాన్నీ ఎందుకని ప్రశ్నించి బహుమతులు గెలుచుకున్నవాడు. నిబంధన అంటే నిబంధనే అని ఆయన తేల్చేశాడు. తొమ్మిదీ నలభై ఎనిమిదయింది.

ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన ఇల్లాలికి ఆ పుస్తకం భోజనాల దగ్గర విని విని కంఠతా వచ్చేసింది. వెర్నా రెండడుగులు వెనక్కి వేసింది.

"నిజం చెప్పమంటే ఆఫీసర్, అందులో ఏముందో నాకే అనుమానంగా ఉంది."

అనుమానం అన్న మాట చెవిన పడగానే గేటు మూసుకుంది. పుస్తకం ప్రకారం అనుమానాస్పద ద్రవాన్ని జనం మధ్య ఉంచడం ప్రమాదం కనుక తక్షణం లోపలికి తరలించాలి. డబ్బా మీద ఏ నిపుణుడి పేరుంటే ఆయన చేతనే పరీక్ష చేయించాలి. ముందు రెండు మోటారు సైకిళ్ళు, వెనక రెండు జీపులు, సైరను మోతతో వెర్నా మూత్రం ఊరేగింపుగా వెళ్ళింది. లేని జింకలు కూడా పక్కకు తప్పుకున్నాయి. తొమ్మిదీ యాభై ఆరుకు డాక్టర్ పామ్‌క్విస్ట్ అందుకుని సంతకం పెట్టారు. అపాయకర పదార్థాలు లేవు, మూత్రపిండాలు భేషుగ్గా ఉన్నాయి అని నివేదిక. ఇడెల్ పేరు జాబితాకెక్కింది.

వెర్నాను మాత్రం గంటన్నర ప్రశ్నించారు. ప్రశ్నించినది కెర్మిటే. భర్త పేరు, వృత్తి అడిగి రాసుకున్నాడు. ఆయన నడవడి ఎలాంటిదని అడిగితే, ఆలోచించి చెబుతానంది.

నెల తిరక్కుండానే సార్జెంట్ హోల్కోమ్‌కు పతకం ప్రకటించారు. దళాధిపతి సభలో గొంతు సవరించుకున్నారు. "సామాన్య గృహిణి రూపంలో వచ్చిన ముప్పును, సొంత భార్య అని కూడా చూడకుండా అడ్డుకున్న ధీరుడితడు. ద్రవం నిరపాయమని తేలడమే మన అప్రమత్తతకు నిదర్శనం."

ఆనాడు వరసలో నిలిచినవాళ్ళంతా వచ్చారు. దగ్గుమందు దంపతులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. శాస్త్రజ్ఞుడు కళ్ళు తుడుచుకున్నాడు. మందు వంటబట్టి మొహంలో కాస్త కళ వచ్చిన ఇడెల్ కూడా లేచింది.

"బావలాంటి వాళ్ళు లేకపోతే మనకేం భద్రత ఉంటుందే అక్కా," అంది మనస్ఫూర్తిగా.

ధీరుడి సతీమణిని కూడా రెండు ముక్కలు చెప్పమన్నారు. వెర్నా వేదికెక్కి, ముందు వరస నుంచి ఆఖరి వరస దాకా ఒక్కొక్క మొహమే చూసింది.

"ఇరవై రెండేళ్ళుగా మా ఆయనొక్కడే ఇలాంటివాడని అనుకుంటూ వచ్చాను," అంది. "తప్పు నాదే."